టానిక్కులో వాటాలు

మందుల షాపులో అద్దాల వెనక వరసగా నిలబెట్టిన టానిక్ సీసాలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అట్టపెట్టె మీద ఒక ఆడమనిషి నవ్వుతూ ఉంటుంది, చంకలో బొద్దుగా ఒక పిల్లాడు. ఎవరి నవ్వో, ఎవరి పిల్లాడో. మందులు కావలసొస్తే మా ఆయన చీటీ నా చేతిలోంచి లాక్కుంటాడు. నువ్వెళ్తే గొడవ పెట్టుకోకుండా రావు, ఇంట్లో కూర్చో అంటాడు. నిజమే, నా నోరు మంచిది కాదు. కానీ ఈ సంగతిలో నేను అరిచిన అరుపుల్లో ఒక్కటి తప్ప అన్నీ అరవాల్సినవే. ఆ ఒక్కటీ ఎవరి మీదో తరవాత చెప్తాను.

మేం కోటబొమ్మాళి బజారులో ఎండుచేపలు అమ్ముకుంటాం. పుట్టింది మాత్రం సముద్రం ఒడ్డున. నా చెల్లెల్ని కూడా ఒడ్డు ఊరికే ఇచ్చారు, వేటకి వెళ్ళే ఇంటికి. దాని పెళ్ళికి ముందే మా అమ్మ పోయింది. అప్పట్నించీ దానికి జ్వరమొచ్చినా, మొగుడితో మాటా మాటా వచ్చినా, కడుపొచ్చినా పిలుపు నాకే. మా వైపు అక్కని అప్ప అంటారు. తల్లి లేని పిల్లకి అప్పే తల్లి అని చుట్టాలంతా తీరిగ్గా అనేస్తారు. అనడానికేం, నోరేగా.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది దానికి రెండో కడుపు. మొదటి కాన్పులో మగపిల్లాడు బాగానే పుట్టాడు గానీ, దీనికి విపరీతంగా రక్తం పోయింది. ఆ తరవాత మనిషి మళ్ళీ మనిషి కాలేదు. గోళ్ళు పాలిపోయి ఉండేవి. బోరింగు నుంచి బిందె ఎత్తుకుని ఇంటికొచ్చేలోపు రెండు చోట్ల ఆగేది. ఏమే అంటే, ఏటీ లేదప్పా, ఎండ అనేది. వానాకాలంలో కూడా ఎండే అనేది.

నెల తప్పిన సంగతి తెలిశాక, నా చంటిపిల్లని చంకనేసుకుని నేనే దాన్ని టౌన్లో ప్రసూతి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నవ్వదు, మాట మాత్రం సూటిగా చెప్తుంది. రక్తం పరీక్ష కాయితం చూసి, చాలా తక్కువుంది అంది. నెలలు నిండేలోపు పెరగకపోతే కష్టం, మొదటిసారి పోయినంత రక్తం మళ్ళీ పోతే మనిషి దక్కదు అని మా చెల్లి ముందే చెప్పేసింది. మా చెల్లి చీర అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

అప్పుడు వచ్చింది ఈ ఎంపిక. ఐరనూ విటమిన్లూ కలిసిన మందు వాడాలి, బిళ్ళలైతే ఇక్కడే ఊరికే ఇస్తాం, టానిక్కైతే బయట కొనుక్కోవాలి, రెంటిలో ఉన్నది ఒకటే, నీకు ఏది పడితే అది వాడు అంది డాక్టరమ్మ. నేను నోరు తెరిచేలోపు మా చెల్లి టానిక్ అంది. ఆ గదిలోకి వెళ్ళాక అది ఆడిన మాట అదొక్కటే.

దానికి బిళ్ళలంటే భయం. మొదటి కడుపప్పుడు ఎర్ర బిళ్ళలిస్తే మింగగానే కక్కేసేది. తుప్పు పట్టిన మేకు నాలిక మీద పెట్టుకున్నట్టు ఉంటాదప్పా అనేది. అదొక్కటే కాదు. మా వైపు జనానికి బిళ్ళంటే రోగం, టానిక్కంటే బలం. బిళ్ళ మింగే మనిషిని చూస్తే ఏమొచ్చిందమ్మా అని జాలిగా అడుగుతారు. టానిక్ తాగే మనిషిని చూస్తే ఏ కంపెనీది, తియ్యగా ఉంటాదా అని అడుగుతారు. ఒళ్ళు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళినవాడు కూడా లేచే ముందు, బలానికేటైనా రాయండి డాట్రుగారూ అంటాడు. ఆ బలం సీసాలోనే ఉండాలి, రంగు ఉండాలి, చెంచాలో పోస్తే చిక్కగా జారాలి. లేకపోతే అది బలం కాదు. చదువుకున్నవాళ్ళది కూడా ఇదే తంతు, నాకు తెలుసు.

సరే, టానిక్కే అనుకున్నాం. మా బజారులోనే తెలిసిన షాపులో పెద్ద సీసా తీసుకుని నేనే వెళ్ళి దానికిచ్చి వచ్చాను. పొద్దున ఒక మూత, సాయంత్రం ఒక మూత, మర్చిపోయావో చంపేస్తాను అని చెప్పాను. వాళ్ళత్త కూడా అక్కడే ఉంది. సన్నటి మనిషి, గట్టి మనిషి, తెల్లారకముందే ఒడ్డుకెళ్ళి పడవ కోసం చూసే మనిషి. నా చేతిలో సీసా తీసుకుని వెలుగులో పెట్టి చూసి, మంచి సరుకే తెచ్చినావమ్మా అంది. నాకూ సంతోషంగానే అనిపించింది. కోడలి మీద శ్రద్ధ ఉందనుకున్నాను.

కొన్నాళ్ళకి సీసా అయిపోయిందని ఫోన్ చేసింది చెల్లి. అప్పుడేనా అనుకున్నాను, అంతలోనే పోనీలే బుద్ధిగా తాగుతోంది అనుకున్నాను. ఇంకో సీసా పంపాను. అది మరీ బేగి అయిపోయింది. మూడోది పంపాను. నేను మురిసిపోయాను కూడా, చూశారా, చెప్తే వింటుంది నా చెల్లి అని మా ఆయనతో గొప్పలు చెప్పుకున్నాను. ఆ మనిషి ఎండు నెత్తళ్ళు ఏరుకుంటూ, మీ చెల్లి తాగేస్తోందా, మరి ఒళ్ళు రాదేం అన్నాడు. నోరు ముయ్యి అన్నాను.

మళ్ళీ పరీక్షకి వెళ్ళిన రోజు డాక్టరమ్మ కాయితం చూసి, మా చెల్లిని చూసి, కాయితం మళ్ళీ చూసింది. రక్తం పెరగలేదు సరికదా, ఇంకాస్త తగ్గింది. మందు తాగడం లేదు నువ్వు అంది. తాగుతున్నానండి అంది చెల్లి. అబద్ధాలు నా దగ్గర కాదు, పోయేది నీ ప్రాణం అంది డాక్టరమ్మ. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కడుపుతో ఉన్నదాన్ని పట్టుకుని అబద్ధాలకోరు అంటుందా అని. సీసాలు నేనే పంపించాను, ఖాళీ సీసాలు నా కళ్ళతో చూశాను, మా వాళ్ళు అబద్ధాలాడరు అని అందరికీ వినపడేలా అన్నాను. బయట వరసలో కూర్చున్న వాళ్ళంతా తలుపు దగ్గరికొచ్చి చూశారు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే, ఇంకో నెల చూద్దాం, తరవాత నేనేమీ చెయ్యలేను అంది.

ఆ కోపంతోనే రైలు దిగి నేరుగా మందుల షాపుకి వెళ్ళాను. ఇదిగో, తప్పుగా అరిచిన అరుపు ఇదే. నకిలీ సరుకు అమ్ముతున్నావు, బెల్లప్పాకంలో రంగు కలిపి ఆడాళ్ళ ప్రాణాలు తీస్తున్నావు అని బజారు బజారంతా కూడేలా తిట్టాను. అతను పాపం సీలు చూపిస్తాడు, బిల్లు చూపిస్తాడు, దేవుడి పటం మీద ఒట్టేస్తాడు. నేను వింటేనా. పక్కన టీ కొట్టువాడు వచ్చి, అమ్మా ఈ సీసా మా నాన్న కూడా తాగుతున్నాడు, బాగానే ఉన్నాడు అంటే, మీ నాన్నకేటి కడుపా అన్నాను. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి పడుకుంటే అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అది కూడా పోతే ఈ భూమ్మీద నన్ను అప్పా అని పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ తరవాత సరుకు కొనే పని కూడా ఉండి, చెల్లి ఊరికి వెళ్ళి అక్కడే ఒక పూట ఉండిపోయాను. పొద్దున పడవలు ఒడ్డుకి చేరాయి. వలలో పడింది ఇసకలో కుప్ప పోసి వాటాలు వేశారు. ఇది ఎప్పట్నించో ఉన్న పద్ధతి. పడవకి ఒక వాటా, వలకి ఒక వాటా, వేటకెళ్ళిన ప్రతి మనిషికీ ఒక వాటా. చిన్నవాడనీ పెద్దవాడనీ తేడా ఉండదు, మాట పడితే కొట్టుకుంటారు గానీ వాటా దగ్గర ఎవడూ ఎవడికీ అన్యాయం చెయ్యడు. మా నాన్న కూడా అలాగే వేసేవాడు. నేను గర్వంగా చెప్పుకునే సంగతుల్లో ఇదొకటి. ఆ రోజు దాకా.

మగవాళ్ళు ముగ్గురూ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. మా చెల్లి మామ, మొగుడు, మరిది. అంబలి కోసం కూర్చున్నారనుకున్నాను. వాళ్ళత్త లోపల్నించి, ముందది కానిచ్చీ అంది. మా చెల్లి లోపలికెళ్ళి టానిక్ సీసా తెచ్చింది. మూత నిండా పోసి మామకిచ్చింది. ఆయన గటుక్కున వేసుకుని పెదాలు నాక్కున్నాడు. మళ్ళీ నింపి మొగుడికిచ్చింది. మళ్ళీ నింపి మరిదికి. కొడుకు గుంటడు నోరు తెరుచుకుని వచ్చి నిలబడితే వాడికి సగం. చివర్న అదే మూతలో చుక్క నీళ్ళు పోసి, కడిగి, ఆ కడుగు తను తాగింది. తాగి నా వైపు చూసి నవ్వింది కూడా. మందు తాగాను చూడప్పా అన్నట్టు.

ఆ సీసా దాని చేతిలోంచి లాక్కున్నాను. మీకు సిగ్గులేదా, ఇది కడుపుతో ఉన్నదానికి డాక్టరు రాసిన మందు, మీకెవడు రాశాడు, మీలో ఎవడు కంటున్నాడు అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. మామ లేచి బీడీ పట్టుకుని వీధిలోకి పోయాడు. మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, తలొంచుకున్నాడు. వాడి తమ్ముడు చిన్నోడు మాత్రం, రోజూ తాగుతున్నాం, ఇయాలే కొత్తేటి అన్నాడు. వాడికి నిజంగానే అర్థం కాలేదు నేనెందుకు అరుస్తున్నానో. అది చూస్తే నాకు ఇంకా మండింది.

వాళ్ళత్త బయటికొచ్చింది. ఆమె అరవలేదు. నన్ను చూసి, చిన్నపిల్లకి చెప్తున్నట్టు చెప్పింది.

"ఇంట్లోకొచ్చింది ఏదైనా అందరిదీనమ్మా. పడవలోంచి దిగినదానికి వాటాలెయ్యమా, ఇదీ అంతే. సంద్రం మీద అల్లాడేవోలికి బలం ఉండొద్దేటి? ఆల్లు పడిపోతే నీ సెల్లి ఏటి తింటాది?"

దానికి ఏం చెప్తారు మీరు? దొంగతనం చేస్తున్నవాళ్ళని తిట్టొచ్చు, దాచుకుని తింటున్నవాళ్ళని తిట్టొచ్చు. ఈ మనిషి దాచుకోవడం లేదు. న్యాయం చేస్తున్నాననుకుంటోంది. కోడలికి వచ్చిన మందుని చేపల కుప్పలాగ పంచేసి, మూత కడుగు కోడలికి మిగిల్చి, ఆ పంచడంలో ఒక్క చుక్క తేడా రానివ్వనందుకు నిమ్మళంగా ఉంది. నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

చెల్లిని పెరట్లోకి లాక్కెళ్ళాను. నీకు నోరు లేదా, రెండు చెంపలూ వాయిస్తాను, డాక్టరమ్మ ఏం చెప్పింది, నువ్వేం చేస్తున్నావు అన్నాను. అది ముందు ఏడ్చింది. తరవాత చెప్పింది.

"అందరూ కూకుని సూస్తుంటే నానొక్కద్దాన్నే ఎలాగ తాగుతానప్పా? గొంతు దిగదు."

గొంతు దిగదట. బిళ్ళ గొంతు దిగదు సరే, తియ్యటి టానిక్ కూడా దిగదు. ఆ మాట విన్నప్పుడు నాకు వాళ్ళత్త మీద ఉన్న కోపమంతా దీని మీదకి మళ్ళింది. పోనీ దాచుకుని తాగవే అన్నాను. దాచుకుంటే దొంగదాన్నవుతాను గదా అంది. ఆ ఇంట్లో సీసా దాచుకోవడం కంటే చచ్చిపోవడం మర్యాదగా కనిపించింది దానికి. మా అమ్మ ఉంటే ఇద్దర్నీ చెరొక దెబ్బా వేసేది, నన్ను అరిచినందుకు, దాన్ని అరవనందుకు.

ఆ రోజే నాకు అర్థమైంది, టానిక్కా బిళ్ళలా అన్న ప్రశ్న డాక్టరమ్మ అడిగినంత చిన్నది కాదని. రెంటిలో ఉన్నది ఒకటే అంది ఆవిడ. సీసాలో, అట్టలో ఒకటేనేమో. ఇంట్లోకి వచ్చాక ఒకటి కాదు. సీసా ఇంటిది. బిళ్ళ మనిషిది. టానిక్కులో వాటా అడిగేవాడు బిళ్ళల అట్ట వైపు కన్నెత్తి చూడడు, ఎందుకంటే అది రోగం. రోగంలో వాటా ఎవడికీ అక్కర్లేదు.

ఆ ఊళ్ళో ఉండే నర్సమ్మ దగ్గరికెళ్ళి బిళ్ళలు తెచ్చాను. అన్నం తిన్నాక, నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే కడుపులో నిలుస్తుంది, టీ మాత్రం తాగకు అని చెప్పి ఇచ్చింది ఆవిడ. మగవాళ్ళంతా ఉండగా ఆ అట్టలు అరుగు మీద పరిచి, రండి, మీకూ వాటాలు వేస్తాను అన్నాను. చిన్నోడికి ఒక బిళ్ళ చేతిలో పెట్టబోతే వాడు పామును చూసినట్టు వెనక్కి జరిగాడు. నాకేటైంది, నాకొద్దు అన్నాడు. బలమేరా, సముద్రం మీద పనికొస్తుంది, మింగు అన్నాను. మింగలేదు. అక్కడున్నవాళ్ళలో ఒక్కడు కూడా చెయ్యి చాపలేదు. వాళ్ళత్త మాత్రం గొణిగింది, బిళ్ళలు మింగితే కడుపులో బిడ్డ లావెక్కిపోతాది, కోసి తియ్యాలంతారు అని. కోసి తీస్తే తీస్తారు, బతికుంటే కదా కొయ్యడానికి అన్నాను.

చెల్లికి నరకమే అయింది ఆ కాలం. రోజూ ఫోన్ చేసి, నేను వింటుండగా మింగమనేదాన్ని. గుటక వినపడాలి నాకు. కొన్ని రోజులు నిలిచేది, కొన్ని రోజులు ఫోన్ పెట్టేలోపే కక్కేసేది, ఆ చప్పుడూ నాకు వినపడేది. నిమ్మకాయలు సంచీతో పంపాను. అప్పా, నన్నొగ్గీ, నావల్ల కాదు అని ఏడ్చింది ఒకసారి. ఒగ్గను, నువ్వు చచ్చినా ఒగ్గను, మింగు అన్నాను. అమ్మలాగ ముద్దుగా చెప్పడం నాకు రాలేదు. బజారులో బేరమాడే గొంతు నాది.

తరవాతి పరీక్షలో రక్తం పెరిగింది. పెరిగింది గానీ చాలలేదు. అప్పటికి నెలలు దగ్గరపడ్డాయి. డాక్టరమ్మ ఈసారి మమ్మల్ని తిట్టలేదు. ఇంక టైం లేదు, కాన్పుకి ముందే రక్తం ఎక్కిస్తాను, చేర్పించండి, ఇంట్లోంచి ఒకరొచ్చి రక్తమిస్తే దానికి బదులు దీని గ్రూపు రక్తం బ్యాంకులోంచి తెప్పిస్తాను అంది.

మీకు గాభరా లేకుండా ముందే చెప్పేస్తున్నాను. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. ఆడపిల్ల, నా పోలికే, నోరు కూడా నాదే. ఆ పిల్లని తలుచుకుంటే సంతోషమే. కానీ ఆ రక్తం ఎక్కించిన రోజు చూసింది నాకు కడుపులోంచి పోదు, బిడ్డ బతికినంత మాత్రాన పోదు.

ఆసుపత్రికి అందరూ వచ్చారు. రక్తం ఎవరిస్తారు అని అడిగింది నర్సు. నేనిస్తానన్నాను. నా చంకలో పాలు తాగే పిల్లని చూసి, నువ్వు పనికిరావు పక్కకి జరుగు అంది. మా ఆయన సరుకు కోసం ఒడిశా వెళ్ళి ఉన్నాడు. సరే, ముగ్గురు మగవాళ్ళున్నారు కదా అనుకున్నాను. మామ, నాకు వయసైపోయింది అన్నాడు. చిన్నోడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మా మరిది నీళ్ళు నమిలాడు. నమిలి నమిలి, మగోడికి రక్తం తీస్తే మళ్ళీ పట్టదంటారు గదా, వల లాగలేను, వేట పోతాది అన్నాడు. వాడి భార్య ఆ గదిలో మంచం మీద ఉంది, వాడి బిడ్డ దాని కడుపులో ఉంది.

నేను ఆ వరండాలో అరిచిన అరుపుకి నర్సులు పరుగెత్తుకొచ్చారు. తాగిన టానిక్కంతా ఏమైందిరా, సీసాలకి సీసాలు దాని నోటి దగ్గర్నించి లాక్కుని తాగారే, ఆ బలమంతా ఎక్కడ పెట్టుకున్నారు, ఒక్క సీసా వెనక్కివ్వండి చాలు అన్నాను. ఒరే అనకూడని వరస వాడిది. అన్నాను.

అప్పుడు వాళ్ళత్త లేచింది. చీర కొంగు నడుముకి దోపుకుని, నర్సు ముందుకెళ్ళి, చెయ్యి చాపి, నాది తియ్యండమ్మా, ఆల్లు వేటకెల్లాలి అంది. ఆ క్షణంలో కూడా కొడుకుల్ని వెనకేసుకొచ్చిందని నాకు మంటే పుట్టింది. నర్సు ఆమెని కూర్చోబెట్టి వేలు గుచ్చి చుక్క తీసి లోపలికి తీసుకెళ్ళింది. కాసేపటికి పరీక్ష చేసినతను స్వయంగా బయటికొచ్చాడు. ఈవిడెవరు అని అడిగాడు. అత్తగారు అన్నాం.

"ఈవిడ దగ్గర తియ్యడానికేం లేదు. మీ పేషెంటు కంటే ఈవిడకే తక్కువుంది. ముందు ఈవిడకి ఎక్కించాలి."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకి అసలే అర్థం కాలేదు. నాకేటి, గుండ్రాయిలాగ ఉన్నాను అంది. రోజూ ఒడ్డుకి నడుస్తుంది, బుట్టలు మోస్తుంది, ఎప్పుడూ పడిపోలేదు. నేను ఆమె పక్కన కూర్చుని, మరి నువ్వు తాగలేదా టానిక్ అన్నాను. ఆ రోజు అరుగు దగ్గర ఆమె మూత అందుకోలేదని అప్పుడు తట్టింది నాకు. లోపల తాగుతుందనుకున్నాను. అత్త కదా, ముందే తాగి ఉంటుందనుకున్నాను.

"పంచేదానికి ఏనాడు మిగిలినాదమ్మా. నాను కాపరానికొచ్చినకాడినించీ అంతే. ఇప్పుడు నీ సెల్లి పంచుతున్నాది."

ఆ మాట మామూలుగా అంది. ఫిర్యాదు కాదు, బాధ కాదు. అన్నం ఉడికింది అన్నట్టు అంది. నేను ఆమె మీద పెంచుకున్న కోపం అక్కడే ఉంది, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు రక్తం లేకుండా నడుస్తున్నారు, మందులు పంచుతున్నారు, ముగ్గురు మగవాళ్ళు అరుగు మీద కూర్చుని పెదాలు నాక్కుంటున్నారు. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యడం లేదు. అదే నాకు అన్నిటికంటే అసహ్యంగా అనిపించింది.

తల్లి సంగతి విన్నాక మా మరిది లేచి లోపలికెళ్ళి రక్తమిచ్చాడు. మొహం మాడ్చుకునే ఇచ్చాడు, అయినా ఇచ్చాడు. సాయంత్రానికి చెల్లికి రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. మంచం పక్కన ఇనప కర్రకి సంచీ వేలాడదీశారు, చుక్కా చుక్కా దిగుతోంది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని దాన్నే చూస్తున్నాను. వాళ్ళత్త బల్ల మీద, కొడుకులు గోడకి ఆనుకుని.

కడుపుతో ఉన్నవాళ్ళకి ఆసుపత్రిలో ఇచ్చే తిండి వచ్చింది. అన్నం, పప్పు, ఉడకబెట్టిన గుడ్డు. రక్తం తక్కువ ఉన్నవాళ్ళు గుడ్డు తప్పకుండా తినాలి, వదిలెయ్యకు అని మరీ చెప్పి వెళ్ళింది ఆయా. మా చెల్లి సూది లేని చేత్తో గుడ్డు తీసుకుంది. తింటుందనుకున్నాను. రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క మొగుడికి చాపి, రక్తమిచ్చినావు, నీరసంగా ఉంటాది, తినీ అంది. వాడు తీసుకున్నాడు. రెండో ముక్క, అత్తా నువ్వు తిను, నీకు నాకంటే తక్కువంట గదా అంది. వాళ్ళత్త అందుకుని, ఒక్క క్షణం అరచేతిలో పెట్టుకుని చూసి, చిన్నకొడుకుని పిలిచి వాడి నోట్లో పెట్టేసింది. పొద్దున్నించి ఏటీ తినలేదు గుంటడు అంది.

నేను లేచేలోపే రెండు ముక్కలూ అయిపోయాయి. రక్తం సంచీ ఇంకా సగం కూడా దిగలేదు. వాళ్ళత్త కొంగుతో చెయ్యి తుడుచుకుని, మంచం మీద ఉన్న నా చెల్లి వైపు మురిపెంగా చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"సూసినావా అమ్మా, నా కోడలు అచ్చం నాలాగే."